తొక్కేవాళ్ల జాకెట్

పోయిన ఆదివారం ప్రార్థన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే తల్లాడ నుంచి ఫోన్ వచ్చింది. మా టీచరమ్మ తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసిందని ఆమె చెల్లెలు చెప్పింది. నేను మళ్లీ లోపలికి వెళ్లి కాసేపు కూర్చున్నాను. ఆమె రాముణ్ణి కొలిచే మనిషి. అయినా ఆమె కోసం నా దేవుడికే చెప్పుకున్నాను. వాళ్లిద్దరూ పైన సర్దుకుంటారులే అని ఆమే అనేది.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు కొద్దిమందే ఉంటారు. ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఒక చిన్న అంగన్‌వాడీ ఉంది. ఆమె అక్కడ టీచరు, నేను ఆయమ్మను. ఆ దారిలో ఆటోలు పొద్దెక్కితే గానీ కదలవు. పిల్లలేమో అంతకన్నా ముందే వచ్చి గడప మీద కూర్చుంటారు. అందుకని ఆమె రిటైరయ్యేదాకా ఇద్దరం సైకిళ్ల మీదే పోయాం. ఆమె ముందు, నేను వెనక. కుచ్చిళ్లు చైన్‌లో పడకుండా పైకి దోపుకొని, కొంగు నడుముకు చుట్టుకొని తొక్కేవాళ్లం. వాగు దాటిన మలుపు దగ్గర ఆమె గంట కొట్టేది. అది విని పిల్లలు అరుచుకుంటూ ఎదురొచ్చేవాళ్లు.

ఒక ఏడు చలికాలంలో నాకు నిమోనియా చేసింది. దవాఖానాలో పడ్డాను. మా ఇంటాయన బాగా బెదిరిపోయాడు. మరుసటి ఏడు చలి మొదలవగానే మందపాటి రెగ్జిన్ జాకెట్ ఒకటి కొనుక్కొచ్చాడు.

"గిదేసుకొని పో. మళ్ల దగ్గు మొదలైందో, పని బంద్," అన్నాడు.

కోపంతో అన్న మాట కాదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. కానీ ఆ పని నాకు ప్రాణం. పిల్లలకు అన్నం కలిపి పెట్టడం ప్రార్థన లాంటిదే అనుకునేదాన్ని. ఆ పొయ్యి దగ్గర ఇంకెవరో నిలబడతారంటే తట్టుకోలేకపోయాను.

జాకెట్ వేసుకున్న కొన్నాళ్లకే దగ్గు వచ్చింది. ఇంట్లో వినపడకుండా కొంగు నోట్లో పెట్టుకొని దగ్గేదాన్ని. చలి ఇంకా లోపలికి వస్తోందేమోనని, జాకెట్ కింద స్వెటర్ కూడా తొడిగాను. దగ్గు పెరిగింది.

ఒకరోజు సైకిల్ దిగగానే టీచరమ్మ నా మెడ వెనక నుంచి వీపు మీదికి చెయ్యి పోనిచ్చింది.

"ఏందే చెల్లె, వాగుల మునిగొచ్చినవా?"

"లేదక్కా, చెమట."

"చలికి గాదు నువ్వు దగ్గుతున్నది. తడిరవికెకు. గిది మోటరు బండోళ్ల జాకెటే. ఆళ్లు ఊకె కూసుంటరు, ఇంజను పని చేస్తది. మన బండికి మనమే ఇంజను. లోపల పొయ్యి మండుతాంటే పొగ పోయే దారుండొద్దా?"

"మరి ఆయన పని మాన్పిస్తా అంటుండక్కా," అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ యేసయ్యకు నువ్వు చెప్పు, నా రాముడికి నేను చెప్త. జాకెట్ మాత్రం మనమే పోయి కొనుక్కోవాలె."

ఆ శనివారం ఇద్దరం ఖమ్మం పోయాం. దుకాణాయన బొద్దుగా ఉన్నది తీసి చూపించాడు. "గిది మంచుకొండల చలికైనా ఆగుతదమ్మా!"

"మాకాడ మంచుకొండలు లెవ్వు నాయనా, చెమట ఉంది," అని టీచరమ్మ సన్నటి వాటిని తీయించింది. ఒక్కోదాని గుడ్డను నోటికి ఆనించి ఊదింది. అవతలి పక్క అరచెయ్యి పెట్టి ఊపిరి వస్తోందో లేదో చూసింది. దుకాణాయనను అడిగి మరీ జాకెట్ చేతి మీద సీసాలో నీళ్లు ఒంపింది. ఊపిరి కొద్దిగానే దాటి, నీళ్లు ముత్యాల్లా జారిపోయినదాన్ని ఎంచి పక్కకు పెట్టింది. తర్వాత అది నాకు తొడిగి, "హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగు," అంది. అందరి ముందూ వంగాను. చీర కట్టుకొని తొక్కేవాళ్లకు నడుం దగ్గరే గాలి కొడుతుంది. జాకెట్ వెనక భాగం కిందికి దిగి నడుం మూసిందా లేదా అన్నది ఆమె పరీక్ష. అంతటితో ఆగలేదు. చెమట లోపలే నిలుస్తుందేమో చూడాలని దుకాణం మేడ మెట్లు ఎక్కి దిగమంది.

దుకాణాయన విసుక్కున్నాడు. "కొనేదుంటే కొనుర్రి. గీ పరీక్షలేందమ్మా?"

"పిలగాణ్ణి చూడకుండనే నీ బిడ్డను ఇస్తవా నాయనా?" అంది ఆమె. ఆయన నవ్వాడు.

నాకు ముదురెరుపు నచ్చింది, మాసినా కనపడదని. ఆమె చిలకపచ్చది ఇప్పించింది. "మంచుల లారీ డ్రైవర్‌కు ఎరుపు నల్లగనే కనపడతది. నువ్వు కనపడాలె."

"సన్నగుందక్కా, చలి ఆగుతదా?"

"ఇది గాలిని ఆపుతది. చలి సంగతి నీ కాళ్లు చూసుకుంటయ్. ఇంట్ల నుంచి వెళ్లేటప్పుడు కొంచెం వణకాలె. వణకలేదంటే ఎక్కువ వేసుకున్నవన్నట్టు."

అయినా ఆమెకు తృప్తి లేదు. సోమవారం మధ్యాహ్నం అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక, కొత్త జాకెట్ చంకల కింద కుట్లు విప్పేసింది. పాత దోమతెర ముక్క కత్తిరించి ఆ సందుల్లో పెట్టి కుట్టింది. "దోమ రాదు, చెమట పోతది," అని దారం పంటితో తెంపింది.

ఆ చలికాలం నేను దవాఖానా గడప తొక్కలేదు. మా ఇంటాయన ఆ సన్నటి జాకెట్‌ను అనుమానంగానే చూస్తూ వచ్చాడు. బయల్దేరేటప్పుడు నేను వణుకుతుంటే ఆయన మొహం చూడాలి. రోజూ సాయంత్రం దగ్గు కోసం చెవి పెట్టేవాడు. దగ్గు వినపడలేదు. ఒక పొద్దున చూస్తే జాకెట్ అప్పటికే నా సైకిల్ హ్యాండిల్‌కు తగిలించి ఉంది. పని మానడం మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

సోమవారం తల్లాడ వెళ్లి ఆమెను చూశాను. నిమ్మళంగా పడుకున్నట్టే ఉంది. ఆమె గదిలో గోడ మేకుకు ఆమె సైకిల్ జాకెట్ వేలాడుతోంది, లోపలి పక్క బయటికి తిప్పి. "మొన్నటిదాక పాలకు సైకిల్ మీదనే పోయింది. రాంగనే చెమట ఆరాలని గట్ల తిప్పి ఏస్తది," అని చెల్లెలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు, ఆమె రిటైరైనప్పటి నుంచి పోతున్నట్టే, పనికి ఒక్కదాన్నే బయల్దేరాను. టేకు ఆకుల మీది మంచు చినుకుల్లా రాలుతోంది. ఇంటి ముందు బాగానే వణికాను. వాగు దాటిన మలుపు దగ్గర గంట కొట్టాను. ఇప్పటి పిల్లలకు అది నా గంటే. పరుగెత్తుకుంటూ వచ్చారు.

అంగన్‌వాడీ చేరి, ఆ చిలకపచ్చ జాకెట్ విప్పి, తిప్పి, వెదురు దడి మీద ఆరేశాను. లోపలి నుంచి సన్నగా ఆవిరి లేచింది. అప్పుడే ఎండ వచ్చింది. ఆమె కుట్టిన దోమతెరలోంచి దిగి, నేల మీద చిన్న చిన్న గళ్లుగా పరుచుకుంది. ఒక పాప వచ్చి ఆ గళ్లలో అరచెయ్యి పెట్టి చూసుకుంటోంది.