హాల్లో గీసిన కారవాన్

వేసవి సెలవుల్లో కారు వెనక ఇల్లులాంటి కారవాన్ కట్టుకుని అబహా కొండలకు వెళ్దామన్న ఆలోచన నాదే. సౌదీలో మేముండే రాస్ తనూరాలో జూన్ వచ్చిందంటే పిల్లలకు ఇల్లే జైలు. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా మధ్యాహ్నం గడప దాటలేం. గాలి తడిగా, వేడిగా వచ్చి ముఖానికి అంటుకుంటుంది. ఈ దేశంలోనే నైరుతి మూలన పొగమంచు దిగే కొండలున్నాయని, అక్కడ కోతులు కార్ల మీదికెక్కి కూర్చుంటాయని చదివి చెప్పాను. అప్పటినుంచి మా ఏడేళ్ళ పాప నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మూడేళ్ళ బాబుకు కోతులు తప్ప ఇంకేమీ అర్థం కాలేదు. వాడికి అవి చాలు.

చదివి చెప్పడం నాకు అలవాటు. పదో తరగతి తర్వాత ఐటీఐ చేశాను, అంతే. కాలేజీ మొహం చూడలేదు. నాకు వచ్చినదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో వచ్చింది. అట్టలు ఊడిన నిఘంటువు ముందు పెట్టుకుని ఇంగ్లిషు నేర్చుకున్నాను. చెక్క బల్ల మీద దినపత్రికలు పరిచి, చరిత్ర నుంచి వ్యవసాయం దాకా ఏది దొరికితే అది చదివాను. ఇప్పుడు కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. మాన్యువల్ చేతికిస్తే నవల చదివినట్టు చదువుతానని తోటివాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు నాకు పొగడ్తలాగే వినిపిస్తుంది. కంపెనీ క్యాంపులో, ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన పుస్తకాల బీరువా ఒకటుంది. కారవాన్ ప్రయాణాల మీద ఎవరిదో పాత ఇంగ్లిషు పుస్తకం అందులోనే దొరికింది. బరువు ఎక్కడ పెట్టాలి, ఎండలో టైర్ల గాలి ఎంత ఉండాలి, నీళ్ళ ట్యాంకు ఎలా కడగాలి, అన్నీ అందులో ఉన్నాయి. రెండుసార్లు చదివాను.

గ్రంథాలయం సంగతి మా పాపకు కథలా చెబుతుంటాను. మా బాపమ్మ పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అక్కడ కూర్చోబెట్టేదని, పని చూసుకుని వచ్చేదాకా నేను పుస్తకాల్లోనే ఉండేవాణ్ణని. పాపకు ఆ కథ ఎంత ఇష్టమంటే, స్కూల్లో కుటుంబం గురించి మాట్లాడమన్నప్పుడు మా డాడీ వాళ్ళ బాపమ్మ పెద్ద రీడర్ అని చెప్పి వచ్చింది. టీచర్ చాలా మెచ్చుకుందట. నేను సరిదిద్దలేదు.

ఎందుకంటే ఆ కథలో నేను దాటేసే ముక్క ఒకటుంది. మా బాపమ్మకు అక్షరం రాదు. గ్రంథాలయం ఉన్న వీధి ఊడ్చడం, అక్కడి మోరీల్లో మురుగు తీయడం మునిసిపాలిటీలో ఆమె పని. నన్ను చూసుకునే దిక్కు లేక గ్రంథాలయం మెట్ల మీద కూర్చోబెట్టి చీపురు పట్టుకునేది. అటెండరు ఒకాయన జాలిపడి లోపలికి రానిచ్చాడు. అంతకు ముందు, తన పడుచు వయసులో, ఇళ్ళ వెనక దొడ్లలోకి పోయి మనుషుల మలం తట్టకెత్తి మోసేది. మా వాడకే ఆ పని ఉండేది. ఇక్కడ ఎవరైనా మీది ఏ ఊరు అంటే చెబుతాను. ఊళ్ళో ఎక్కడ అంటే బస్టాండు దగ్గర అంటాను. నా భార్యకు అన్నీ తెలుసు. పాపకు తెలియదు. తెలియనక్కరలేదని అనుకుంటూ వచ్చాను. ఆ పిల్ల బాపమ్మ పేరు చెప్పి తలెత్తుకుని తిరుగుతోంది, ఆ తల దించడం నాకిష్టం లేదు. కనీసం అలా చెప్పుకున్నాను.

కారవాన్ లాగాలంటే పెద్ద బండి కావాలి. అది మా కంపెనీలోనే ప్లానింగ్ ఇంజనీరుగా ఉన్న గుంటూరాయన దగ్గర ఉంది. నాకంటే కొంచెం పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. ఆయనకు ఇద్దరు మగపిల్లలు, మా పాప ఈడువాళ్ళు. రెండు కుటుంబాలూ ఒకే కారవాన్లో వెళ్దామని, ఆడవాళ్ళు, పిల్లలు లోపల పడుకుంటే మగవాళ్ళం బయట టెంటు వేసుకుందామని అనుకున్నాం.

ఒక శుక్రవారం అన్న వాళ్ళింట్లో భోజనాలయ్యాక, హాల్లో సోఫాలు గోడకు జరిపి, నేను అట్టపెట్టెలకు వేసే టేపుతో నేల మీద కారవాన్ గీశాను, అసలు కొలతలతో. ఇది తలుపు, ఇది పొయ్యి, ఇది పిల్లల మంచం, కింద ఒకటి, పైన ఒకటి. పిల్లలు నలుగురూ గీతల్లోకి దూరి అప్పుడే కాపురం పెట్టేశారు. మా బాబు పడుకుని కళ్ళు మూసుకున్నాడు. పెద్దవాళ్ళు గీత తొక్కితే గోడ కూల్చావంటూ పాప అందరినీ బయటికి తోసింది. వదిన ఆ గీతల్లో అటూ ఇటూ నడిచి, వంట చేస్తుంటే వెనకనుంచి ఎవరూ వెళ్ళలేరు గదా అంది.

"నువ్వు వంట చేస్తుంటే వెనక్కి వచ్చే ధైర్యం ఎవరికుందిలే," అన్నాడు అన్న.

"మీకు లేదని తెలుసు. పిల్లల గురించి అడుగుతున్నా," అంది వదిన.

అందరం నవ్వాం. నేను ఆ మధ్యాహ్నం ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ గుర్తు. అడిగినదానికల్లా నా దగ్గర జవాబుంది.

మూలన చిన్న చదరం మిగిలింది. అది టాయిలెట్. దారి పొడుగునా పెట్రోలు పంపుల్లో పిల్లల్ని తీసుకెళ్ళడం తన వల్ల కాదని, టాయిలెట్ లేని కారవాన్ అయితే తాను రానేరానని వదిన ముందే చెప్పింది. నేను అన్న వాళ్ళ చిన్న సూట్‌కేసు ఒకటి తెచ్చి ఆ చదరంలో నిలబెట్టాను. టాయిలెట్ కింద ఇలాంటి పెట్టె ఉంటుంది, మలమంతా అందులో పడుతుంది, వాసన రాకుండా మందు పోస్తారు, నిండాక బయటి చిన్న తలుపులోంచి లాగి, చక్రాల మీద దొర్లించుకుపోయి ఒంపి రావాలి అని పుస్తకంలో ఉన్నట్టే వివరించాను. పాప సూట్‌కేసును గీత బయటికి లాగి గుండ్రంగా ఒక చుట్టు తిప్పింది.

"బాగానే ఉంది. ఇంతకీ ఆ సూట్‌కేసు ఎవరిది తమ్ముడూ?" అన్నాడు అన్న.

మళ్ళీ నవ్వులు. వాళ్ళ పెద్దాడు ముక్కు మూసుకుని నాది కాదంటే నాది కాదని పరిగెత్తాడు. నవ్వు ఆగింది. ఆ పెట్టె ఎవరు ఒంపాలన్నది మాత్రం తేలలేదు. తర్వాత అన్న, వదిన ఇద్దరూ నా వైపు చూశారు.

"తమ్ముడు చూసుకుంటాడులే. అయ్యన్నీ ఆయనకు తెలిసినయ్యేగా," అన్నాడు అన్న.

ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అరగంట నుంచి టైర్లూ ట్యాంకులూ పెట్టెలూ అంటూ ఉపన్యాసం ఇచ్చింది నేనే. నావైపు కాక ఎవరి వైపు చూస్తారు? మా వాడ సంగతి తెలిసిన పక్క ఊరివాడు ఒకడు ఆయన సెక్షన్లో పనిచేస్తున్న మాట కూడా నిజమే. అప్పుడు ఇవేవీ ఆలోచించలేదు. మా ఊళ్ళో ఏ ఇంట్లో ఏది మురిగినా, ఏది చచ్చినా, ఆమె చూసుకుంటదిలే అని మా బాపమ్మను పిలిచేవాళ్ళు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో, గుంటూరు యాసలో వినిపించినా గుర్తుపట్టాను.

సరిగ్గా అప్పుడే పాప సూట్‌కేసు పిడి పట్టుకుని, "మా డాడీకి అన్నీ వచ్చు అంకుల్," అంది. ఎంత గొప్పగా అందో.

"ఎందుకన్నా మనకా తిప్పలు," అన్నాను నేను. "పంపుల దగ్గర బంగ్లాదేశోళ్ళు ఉంటరు గద. చేతిల ఏమన్న పెడ్తే వాళ్ళే కడిగి తెస్తరు."

అన్న తలూపాడు. వదిన మంచాల సంగతికి వెళ్ళిపోయింది. అంత తేలిగ్గా అయిపోయింది. నా భార్య మాత్రం బాబు తల నిమురుతూ నన్నే చూసింది.

కారెక్కాక, పిల్లలు వెనక సీట్లో కోతుల గురించి కొట్లాడుకుంటుంటే, ఆమె మెల్లగా అంది.

"గా బంగ్లాదేశాయనకు ఇంటికాడ మనుమడు ఉంటడు కావచ్చు."

నేను అద్దం సరిచేసుకున్నాను.

"వాళ్ళేమన్నరో నాకు ఎరుక లేదు. నువ్వన్నది మాత్రం ఇన్న. బాపమ్మ ఇంటే ఏమనుకుంటుండె?"

"ఏమనకపోతుండె," అన్నాను. "అలవాటే గద ఆమెకు."

ఆ జవాబు నోట్లోంచి వచ్చాక ఇంటిదాకా సిగ్నళ్ళు చూసుకుంటూ నడిపాను. మనుషులంతా సమానమని ఎన్ని పుస్తకాల్లో చదివానో, ఎంతమందికి చదివి వినిపించానో. పని ఏదైనా పనేనని క్యాంపులో కుర్రాళ్ళకు చెబుతుంటాను. ఒక ఖాళీ సూట్‌కేసు ముందు నిలబడేసరికి, మా బాపమ్మ తట్టను ఆమె నెత్తి మీదినుంచి తీసి ఇంకొకడి నెత్తి మీద పెట్టాను, ఎవడో ముఖం కూడా చూడకుండా.

తర్వాతి శుక్రవారం దమ్మాం వైపు, కారవాన్లు అద్దెకిచ్చే యార్డుకు రెండు కుటుంబాలం వెళ్ళాం. అక్కడ చూసుకునే పాకిస్తానీ పెద్దాయన ఉర్దూలో అన్నీ ఓపిగ్గా చూపించాడు. నేల మీది గీతల కంటే లోపల ఇరుకుగా ఉంది, కానీ పిల్లలు మంచాలెక్కి దిగమంటే దిగలేదు. చివర్లో ఆయన వెనక్కి తీసుకెళ్ళి చిన్న తలుపు తెరిచి, ఆ పెట్టెను బయటికి లాగాడు. ఒకసారి నీళ్ళు పోసుకుని ఒంపి చూడండి, మూత తిప్పడం తెలియకపోతే మీదే చిందుతుంది అన్నాడు.

కడిగి ఆరబెట్టిన పెట్టె. అయినా అన్న ఒక అడుగు వెనక్కి వేసి, ఫోన్ వచ్చినట్టుంది అంటూ గేటు వైపు నడిచాడు. వాళ్ళ పిల్లలిద్దరూ మంచాలు దిగి ఆయన వెంట పరిగెత్తారు. నా చెయ్యి పెట్టె వైపు సగం దాకా వెళ్ళింది. ఆగింది. జేబులోకి వెళ్ళిపోయింది.

వదిన కొంగు నడుముకు చుట్టుకుంది. "జరగండి మరిదిగారూ. ఇద్దరు మగపిల్లల్ని పెంచినదాన్ని, నాకిదో లెక్కా," అంది. పెట్టె అందుకుని పైపు దగ్గర నీళ్ళు పట్టింది. మూత ఎటు తిప్పాలో తెలియక నాలుగు చుక్కలు చీర అంచు మీద పడితే విదిలించుకుని నవ్వింది. ఆ నవ్వులో ఏమీ లేదు. వారం రోజులుగా నేను ఆమె చూపును కూడా తప్పుగా లెక్కగట్టి పెట్టుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని నిలబడాలో తెలియలేదు.

పాప ఇదంతా చూస్తోంది. వచ్చి నా జేబులో ఉన్న చేతిని బయటికి లాగింది.

"డాడీ, నీకు రాదా?"

నా భార్య బాబును ఎత్తుకుని తలుపు మెట్టు మీద నిలబడి ఉంది.

"వచ్చు బిడ్డా," అన్నాను. వదినా ఇటియ్యండి అని పెట్టె తీసుకున్నాను. పిడి పైకి లాగి, దొర్లించుకుంటూ యార్డు మూలనున్న మోరీ దగ్గరికి తీసుకెళ్ళాను. పాప పక్కనే నడిచింది. మూత తిప్పి, గాలి పోయే బొత్తం నొక్కి, చుక్క చిందకుండా ఒంపాను.

"బుక్కుల చదివినవా?"

"ఇది బుక్కుల ఉంది. కానీ నేను చిన్నప్పుడే చూసిన. మా బాపమ్మ ఇదే పని చేస్తుండె. ఊర్ల ఇండ్లకు పోయి వాళ్ళయి తీసి పారబోస్తుండె."

"లైబ్రరీ బాపమ్మనా?"

"లైబ్రరీ బాపమ్మనే. ఆమెకు సదువు రాదు. ఆమె ఊడుస్తుంటే నేను లోపల కూసుంటుంటి."

పాప చాలాసేపు పెట్టె వైపు చూసింది. అసహ్యం కోసం ఆ ముఖంలో వెతికాను. ఆమె ఇంకేదో ఆలోచిస్తోంది.

"బాపమ్మ డబ్బకు చక్రాలుండెనా?"

"లేవు బిడ్డా. నెత్తి మీద పెట్టుకుంటుండె."

పాప ఒక చెయ్యి తన తల మీద పెట్టుకుని చూసుకుంది. నేను అప్పుడు వెనక్కి తిరిగాను. అన్న విన్నాడేమోనని తిరిగాను. ఆయన దూరంగా గేటు దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. వినలేదు. గుండె తేలికపడింది. ఆ తేలికదనానికే ఇప్పటికీ ఎక్కువగా సిగ్గుపడతాను.

పాప ఏ విషయమూ తన దగ్గర ఉంచుకోదు. పెట్టెకు చక్రాలు లేకపోతే ఎంత బరువో అనుకుంటూ, అన్న వాళ్ళ పిల్లలకు చెప్పడానికి వాళ్ళున్న గేటు వైపు పరుగెత్తింది. పిలవబోయి నోరు తెరిచాను. మెట్టు మీదినుంచి నా భార్య నావైపే చూస్తోంది. పెట్టె పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాను. పాప గేటు దగ్గరికి చేరేసరికి అన్న ఫోన్ పెట్టేసి, ఏంటమ్మా అంటూ ఆమె ముందు వంగాడు.