ఆకుపచ్చ ట్రాక్ సూట్లు

బాస్కెట్‌బాల్‌లో ఆడపిల్లలకు ముందు బంతి పట్టడం నేర్పాలంటారు మిగతా కోచ్‌లు. సోమమ్మ ముందు నిలబడటం నేర్పేది. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, రెండు చేతులు తెరిచి పైకెత్తి, కదలకుండా. "డిఫెన్స్!" అని ఆమె అరిస్తే ప్రతి పిల్లా ఉన్నచోటనే అలా నిలిచిపోవాలి. నీళ్లు తాగుతున్నా సరే, జడ వేసుకుంటున్నా సరే. ఒక్కోసారి బస్టాండులో కూడా అరిచేది. జనం నవ్వేవారు.

ఆమె తండ్రి మంగయ్య బొగ్గుబాయి కార్మికుడు. వేళగాని వేళ ప్రమాదం సైరన్ మోగితే వాడలోని ఆడవాళ్లంతా పొయ్యి మీది కూర వదిలేసి బాయి దగ్గరికి ఉరికేవారు. తల్లి కొంగు పట్టుకుని సోమమ్మ కూడా ఉరికేది. ప్రతిసారీ మంగయ్య క్షేమంగానే పైకొచ్చాడు. ఆ భయం మాత్రం ఆమెను వదల్లేదు. బొగ్గు నుసి పరిచిన క్లబ్బు కోర్టులో ఆట నేర్చుకుని, జిల్లా జట్టుకు ఆడి, 1976లో కొత్తగూడెంలోని ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేరింది. అందరూ పీడీ మేడం అనేవారు. జట్టును ఊరు దాటించిన రోజున ఆమెకు అన్నం సయించేది కాదు. బస్సు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి జెర్సీ నంబర్లు పిలిచి చూసుకునేది.

1989లో పూలి చేరింది. పినపాక అవతల అడవి అంచున ఉన్న తండా పిల్ల. అంత పరుగు సోమమ్మ ఎవరిలోనూ చూడలేదు. చిక్కల్లా ఆపడంలోనే. ఈల వేసినా, డిఫెన్స్ అన్నా, అందరూ నిలబడ్డాక చివర నిలబడేది.

"ఎందుకే గంత ఉరుకుడు?" అని ఒకరోజు సోమమ్మ అడిగింది.

"మా తండల పోలీసులొచ్చిన్రంటే ఉరకాలె మేడం. చిన్నప్పటి సంది గదే అలవాటు. ఆగినోళ్లకే దెబ్బలు."

పక్కనున్న జట్టు పిల్ల కమ్లి పకపకా నవ్వింది. "గందుకే దీన్ని బాల్ సుత అందుకుంటలేదు మేడం."

సోమమ్మకు నవ్వు రాలేదు.

పిల్లను ఆటలకు పంపడానికి పూలి తండ్రి బిచ్యా ఒకటే షరతు పెట్టాడు. "బయటూరు తీస్కపోతే మల్ల నువ్వే తెచ్చి నా చేతుల పెట్టాలె టీచరమ్మా. బస్సెక్కిచ్చి తోల్తే నడ్వది." ఆమె మాటిచ్చింది.

మరుసటి ఏడు జట్టుకు ట్రాక్ సూట్లు కుట్టించాల్సి వచ్చింది. తెల్లవి ఎర్రమట్టికి ఒక్క పూటలో పాడయ్యేవి. బట్టల కొట్టు వెంకటప్పయ్య అటక మీంచి ఒక తాను దించాడు. ముదురు ఆకుపచ్చ, మందం బట్ట.

"ఏండ్ల సంది పడున్నది మేడం. ఈ రంగు ఎవరు కొంటలేరు. తీస్కపోండ్రి."

మట్టి కనబడదని ఆమె సంతోషపడింది. ఎవరూ ఎందుకు కొనడం లేదో అడగలేదు. అడవిలో అన్నలు తొడిగేది ఆ రంగేనని కొత్తగూడెంలో పసిపిల్లకు కూడా తెలుసు. ఆమెకూ తెలుసు. అయితే కోర్టు గీతల మధ్య ఎనిమిది మంది వరసగా నిలబడితే అది జట్టు బట్టల్లాగానే కనిపించింది. "రామచిలకల గుంపు లెక్కున్నం" అని కమ్లి అంటే అందరూ నవ్వారు.

ఆ డిసెంబరులో భద్రాచలంలో పోటీలు. రెండోరోజే ఓడిపోయారు. పూలిని తండాలో దించి రావాలి. మిగతా ఏడుగురిని బస్టాండులో వదలడం ఇష్టం లేక అందరినీ వెంట తీసుకుని బయల్దేరింది. మణుగూరు దాటాక అడవిలో బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా రెండు చెట్లు నరికి పడేసి ఉన్నాయి. డ్రైవరు ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. "వాపస్ పోదాం" అన్నాడు.

"మా తండా గీడికెల్లి దగ్గరనే మేడం. అడ్డతొవ్వల అరగంట" అంది పూలి.

వెనక్కి పోతే బిచ్యాకిచ్చిన మాట పోతుంది. పూలిని ఒంటరిగా పంపడానికి వీల్లేదు. సోమమ్మ అందరినీ దించింది. తర్వాత ఎన్నో ఏళ్లు ఆమె తనను తాను తిట్టుకున్నది ఇక్కడే.

దారి ఎరిగిన పూలి ముందు. ఎనిమిది మందీ కంటికి కనబడాలని సోమమ్మ వెనక. ఒకరి వెనక ఒకరు నడిచేంత సన్నటి బాట. ఎండుటాకుల చప్పుడు తప్ప మరేమీ లేదు. పొద్దు వాలుతోంది. వంపు తిరిగినచోట వరసంతా ఒక్కసారిగా ఆమె కళ్లబడింది. చెట్ల మధ్య ఎనిమిది ఆకుపచ్చ వీపులు. భుజాలకు సంచులు. ఒకే వరస.

అచ్చం అన్నల దళంలా కనిపించింది సోమమ్మకు. సూట్లు విప్పమని చెప్పడానికి నోరు తెరిచింది.

"ఎవరది! ఆగుండ్రి! కదిల్తే కాలుస్తం!"

చెట్ల వెనక తుపాకులు సర్దుకున్న చప్పుడు. మనుషులెవరూ కనబడలేదు. సోమమ్మకు ఒక్కటే కనబడింది. వరస మొదట్లో పూలి భుజం మీంచి సంచి జారింది, కుడి మడమ లేచింది. కోర్టులో పరుగు తీసేముందు ఆ పిల్ల మడమ అలాగే లేస్తుంది.

"డిఫెన్స్!"

ఏడుగురూ ఉన్నచోటనే నిలిచిపోయారు. తెరిచిన అరచేతులు పైకి లేచాయి. పూలి ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడోది వేయలేదు. చేతులెత్తింది.

ఆమె సంచిలోంచి బంతి జారి, ఎగిరి, ఆకుల మీద దొర్లుకుంటూ పోయింది. చెట్ల వెనక నుంచి బయటికొచ్చిన ఒక పోలీసు బూటుకు తగిలి ఆగింది.

"ఏందిది?"

"బాల్ సార్. కాలేజీ పిల్లలు సార్. నేను పీడీని."

"ఈ బట్టలేంది?"

"మట్టి... మట్టి కనబడదని సార్."

సంచులు గుమ్మరించారు. సాక్సులు, అరటిపళ్లు, బంతికి గాలి కొట్టే పంపు. పూలికి ఎదురుగా ఉన్న కుర్ర కానిస్టేబుల్ తుపాకీ దించి నేల మీద కూలబడ్డాడు. "ఇంకొక్క అడుగేస్తే..." అని ఆపేశాడు.

పోలీసులు వెళ్లిపోయాక సోమమ్మ నంబర్లు పిలిచింది. నాలుగు నుంచి పది దాకా పలికారు. పదకొండు పలకలేదు. పూలి ఇంకా మోకాళ్లు వంచి, చేతులెత్తే నిలబడి ఉంది. సోమమ్మ వెళ్లి ఆ చేతులను ఒక్కొక్కటిగా దించింది. కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి.

ఆకుపచ్చ కోట్లు విప్పించి, తెల్ల జెర్సీల మీదే చలిలో నడిపించింది. తండా దీపాలు కనబడ్డాక కమ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంట్ల చెప్పకు మేడం. చెప్తే దీన్ని మల్ల తోలరు. మమ్ముల సుత ఆడనియ్యరు."

నిజమే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పూలి లాంటి పిల్ల జట్టుకు మళ్లీ దొరకదు. అయినా గుడిసె ముందు బిచ్యాను చూడగానే సోమమ్మ పూలి చేతిని అతని చేతిలో పెట్టి, బట్టల రంగుతో మొదలుపెట్టి అంతా చెప్పేసింది. తప్పు తనదేనంది.

బిచ్యా పిల్లను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూశాడు.

"ఇది ఆగిందా?" అన్నాడు.

"ఆగింది."

"పోలీసులు ఆగుమంటే ఆగిందా?"

"నేను అరిస్తే ఆగింది."

అతను గుడిసెలోకి తిరిగి చిన్న కూతురు బాలిని పిలిచాడు. ఎనిమిదేళ్లుంటాయి. కళ్లు నులుముకుంటూ వచ్చి ముంగిట్లోని పొయ్యి పక్కన నిలబడింది.

"గా నిలవడుడు దీనికి సుత నేర్పు టీచరమ్మా. ఇయాల్నే నేర్పు."

సోమమ్మ ఆ పిల్ల పాదాలు ఎడంగా పెట్టించింది. మోకాళ్లు వంచింది. చేతులెత్తించింది. నాలుగడుగులు వెనక్కి జరిగి అరిచింది.

"డిఫెన్స్!"

బాలి ఒక్క గెంతులో ముంగిలి దాటి చీకట్లోకి ఉరికింది.

"మల్ల" అన్నాడు బిచ్యా.