గంటన్నర ముందే పుట్టిన ఫైలు

ఆ రోజుల్లో నాకు కుదురనేది ఉండేది కాదు. కూర్చుంటే కాలు ఊగేది, నిలబడితే ఎటో ఒకవైపు నడవాలనిపించేది. డిగ్రీ అయ్యాక రెండు ఉద్యోగాలు చేరినంత తొందరగానే మానేశాను. మూడోది గుడివాడలో దొరికినప్పుడు, ఇక్కడా నిలవకపోతే నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు కాపలాకి పంపిస్తానని మా నాన్న తేల్చి చెప్పేశారు. కంపెనీ అంటే బియ్యం మిల్లు వెనక రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఊరంతా మావయ్యగారు అని పిలిచే యజమాని. (నాకు ఏ వరసా కాకపోయినా, సొంత మేనల్లుణ్ణి తిట్టినంత చనువుగా తిట్టేవారు.)

బందరులో చేపలూ ధాన్యమూ ఎగుమతి చేసే ఒక ఆఫీసుకి మేం ప్రోగ్రాము రాస్తున్నాం. చెరువుల నుంచీ మిల్లుల నుంచీ వచ్చే సందేశాల్లో ఏది సరుకు పేరో, ఏది బరువో, ఏది ఊరో విడగొట్టాలి. అలా విడగొట్టే భాగాన్ని లెక్సర్ అంటారు. దాన్ని చేత్తో రాయక్కర్లేదు, నియమాలు ఒక ఫైల్లో రాసిస్తే ఇంకో ప్రోగ్రాము దాన్నుంచి లెక్సర్‌ని తయారుచేసి పెడుతుంది. ధాన్యానికో ఫోల్డరు, చేపలకో ఫోల్డరు, దేని లెక్సర్ దానిది. ఒకచోట నియమాలు మారిస్తే అక్కడి లెక్సర్ దానంతటదే మళ్లీ తయారవ్వాలి, పక్క ఫోల్డర్లోది కదలకూడదు. ఏది మారిందో తేల్చేది మేక్ అనే ఇంకో ప్రోగ్రాము. అది ఫైళ్ల మీద పడిన టైము చూస్తుంది, నియమాల కంటే లెక్సర్ కొత్తదైతే చేయాల్సిందేమీ లేదని ఊరుకుంటుంది. ఈ తతంగమంతా మా గుడివాడ కంప్యూటర్లోనూ, బందరు వాళ్ల పాత యూనిక్స్ మెషిన్లోనూ ఒకేలా నడుస్తోందా అని పరీక్షించడమే నా ఉద్యోగం.

గుడివాడలో ఎప్పుడూ పాసే. పొద్దున్నే అంతా తాజాగా తయారుచేసి, ఫ్లాపీలోకి ఎక్కించి, జేబులో పెట్టుకుని బందరు బస్సెక్కేవాణ్ణి. బస్సు ప్రతి ఊళ్లో ఆగుతుంటే నా ప్రాణం పోయేది. దిగీ దిగగానే మెషిను ముందు కూర్చుని చేపల నియమం ఒకటి మార్చి మేక్ అంటే, చేయాల్సిందేమీ లేదనేది. మళ్లీ మార్చేవాణ్ణి. మళ్లీ అదే మాట. పాత లెక్సర్‌ని చెరిపేస్తే చచ్చినట్టు కొత్తది చేస్తుంది, కానీ మనిషి చెరపాల్సి వస్తే ఇంక ఆటోమేటిక్ ఏముంది? తల వేడెక్కి, బయటికెళ్లి రెండు టీలు తాగి, కోనేరు సెంటరు దాకా తిరిగొచ్చి, మళ్లీ మార్చి చూస్తే శుభ్రంగా నడిచేది. వెళ్లినప్పుడల్లా ఇదే వరస. అక్కడి మెషిన్లు చూసుకునే పెద్దాయన్ని అందరూ సాయిబుగారనేవారు. నేనుంటే పని చేయదనీ, మంగినపూడి వెళ్లి సముద్రం చూసి రమ్మనీ ఆయన ఆటపట్టించేవారు. నాకూ లోపల ఆ అనుమానం పట్టుకుంది.

చివరి పరీక్ష రోజు ఆ ఆఫీసు డైరెక్టరు స్వయంగా వచ్చి నా వెనక కుర్చీ వేసుకున్నారు. ఇది తేలితేనే నా ఉద్యోగం ఉంటుందని మావయ్యగారు బస్సెక్కే ముందే చెప్పి పంపారు. మా వాళ్లు కొందరు శీలావతిని రోహు అని రాస్తారు, రెండూ ఒకటే చేపగా తీసుకునేలా మార్చండి అన్నారు డైరెక్టరు. మార్చాను. చేయాల్సిందేమీ లేదంది. చేతులు మళ్లీ కీబోర్డు మీదికి పోతుంటే సాయిబుగారు భుజం మీద చెయ్యేశారు.

"బాబూ, కాసేపు ఏమీ ముట్టుకోకండి. ఊరికే కూర్చోండి" అని, డైరెక్టరు గారిని చేపల ధరల మీదికి మళ్లించారు.

ఊరికే కూర్చోవడం నాకు జన్మలో చేతకాలేదు. చేతులు కట్టుకుని, కదిపేందుకు కళ్లు తప్ప ఇంకేమీ లేక, తెర మీదున్న ఫైళ్ల వరస చదివాను. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై. పొద్దున ఎనిమిదిన్నరకి గుడివాడలో నేను తయారుచేసిన లెక్సర్ మీద పడ్డ టైము పది. ఇంకా రాని పది గంటలకి పుట్టిన ఫైలు! ఇప్పుడు నేనేం మార్చినా దానికంటే పాతదే అవుతుంది. పది దాటితే గానీ నా మార్పు మార్పు కాదు. ఇక చేయగలిగింది కాచుకోవడమే. ఆ ఇరవై నిమిషాలూ శిలావిగ్రహంలా కూర్చున్నాను. పది దాటాక ఫైలు ఇంకోసారి సేవ్ చేసి మేక్ అన్నాను. చేపల లెక్సర్ తయారైంది, ధాన్యంది కదల్లేదు.

ఉండబట్టలేక అక్కణ్నుంచే మావయ్యగారికి ఫోన్ చేసి, మన కంప్యూటర్ గంటన్నర ముందుందని చెప్పాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా, "తెలుసురా. మన ఆఫీసు ప్రారంభోత్సవం శుక్రవారం పెట్టుకుంటే చుట్టాలు ఆలస్యంగా వచ్చారు, రాహుకాలం వచ్చి పడింది. గడియారంతో పాటు దాన్నీ ముందుకి తిప్పించి కొబ్బరికాయ కొట్టాం. గడియారం మర్నాడు సరిచేశాం గానీ, మంచి టైములో మొదలైన మిషన్ని కదపకూడదని వదిలేశాం" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈలోగా డైరెక్టరు గారు ఫోన్ అందుకుని, "కుర్రాడు భలే నిదానస్తుడండీ, ఇంత ఒత్తిడిలోనూ చెయ్యి కదపలేదు. వదులుకోకండి" అన్నారు. అలా, నా దగ్గర బొత్తిగా లేని గుణం పుణ్యమాని ఆ ఉద్యోగం నిలిచింది.

ఇన్నేళ్ల తర్వాత మొన్న, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, అంత కుదురుగా ఎలా ఉంటారు సార్, మీకు కంగారు రాదా అని అడిగింది. రాదమ్మా అన్నాను. పాపం, నమ్మింది.