మొగ్గలో ఆకులా మడిచిన దుప్పటి

ఆ ఆస్పత్రిలో మడతలక్కను ఎరగనివాళ్లు లేరు. ఆపరేషన్ వేళ రోగి మీద కప్పే పచ్చ దుప్పట్లు మడిచి, క్రిములు చచ్చేలా ఆవిరి పెట్టెకు పంపడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఆమె పేర్చిన దొంతరకు స్కేలు పెట్టి చూసినా వంక దొరకదు.

చిక్కంతా విప్పేటప్పుడే. దుప్పటి కొస ఏ స్టూలుకో, ఎవరి మోచేతికో తగిలేది. తగిలితే అది ఇక పనికిరాదు. ఇంకోటి తెచ్చేదాకా డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడాలి. పెద్ద సర్జన్‌కు విసుగెత్తింది. వాడి పారేసే కాగితం దుప్పట్లు తెప్పిస్తానన్నారు. అంటే మడతల గదికి తాళం. మడతలక్క, మరో నలుగురు ఆడవాళ్లు ఇంటికి.

ఆమె మరిది విశ్వవిద్యాలయం తోటలో మాలి. అక్కడి ప్రొఫెసరమ్మ, మొగ్గలో ముడుచుకున్న లేతాకు చిక్కుపడకుండా ఎలా విచ్చుకుంటుందో మొదటగా లెక్కగట్టిన మనిషి. గుడారాలు కుట్టేవాళ్లు, పారాచూట్లు మడిచేవాళ్లు ఆమె గుమ్మం ముందు కాచుకుని ఉండటం మరిది చూశాడు.

"వదినా, నీ దుప్పటేమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? నువ్వూ వచ్చి అడుగు," అన్నాడు.

ప్రొఫెసరమ్మ ఒక మొగ్గను సూదితో విప్పింది. "నడిమి ఈనె కదిలితే చాలు, అంచులు వాటంతటవే బయటికి పోతాయి. చూశారా?"

మడతలక్క అక్కడే తన చేతిరుమాలు మడిచి చూసింది. నాలుగోసారికి కుదిరింది.

కొత్త మడత సంగతి చెబితే సర్జన్ ఒకే అవకాశం ఇచ్చారు. శుక్రవారం పది దుప్పట్లు విప్పాలి. ఒక్కటి దేనికి తగిలినా కాగితం దుప్పట్లకు సంతకం పెట్టేస్తారు. బుధవారం పెద్ద సిస్టర్ ముందుగా ఒకటి లాగి చూసింది. దుప్పటి సగం తెరుచుకుని మొరాయించింది. రెండోదీ అంతే.

"ఏంటక్కా ఇది, పాడైన గొడుగులా!" అంది సిస్టర్.

మడతలక్క ప్రొఫెసరమ్మకు ఫోన్ చేసింది.

"మడిచాక ఏం చేశారు?"

"ఏముందమ్మా, ఎప్పట్లాగే ఇస్త్రీ చేశాను."

అవతల నవ్వు. "మొగ్గలో ఆకుకి ఇస్త్రీ ఎవరు చేస్తారండీ? మడతకీ మడతకీ మధ్య గాలాడాలి."

ఇస్త్రీ లేని గుడ్డ బయటికి పంపడమంటే, తల దువ్వుకోకుండా పెళ్లికి వెళ్లినట్టే ఆమెకు. అయినా గురువారం ఇస్త్రీపెట్టె తీగ పీకేసింది. గదిలో మిగతావాళ్లు నోరెళ్లబెట్టారు.

"అక్కా, ఇలా ఉబ్బిపోయుంటే చూసినవాళ్లు ఏమంటారే?"

"తెరుచుకుందంటే చాలు. కానివ్వండి, చేతులాడించండి."

శుక్రవారం ఖాళీ ఆపరేషన్ గదిలో సిస్టర్ దుప్పటి నడిమి మడత అందుకుని లాగింది. అంచులు నాలుగు వైపులా పరుగెత్తి బల్ల మీద పరుచుకున్నాయి. రెండోది, మూడోది... తొమ్మిదోది కూడా. పదోది సర్జన్ స్వయంగా, కావాలనే వంకరగా లాగారు. అదీ దేనికీ తగలకుండా తెరుచుకుంది.

ఆయన ఇంకొకసారి మడిపించి, ఇంకొకసారి లాగారు. తర్వాత జేబులోని ఆర్డరు కాగితం తీసి చించేశారు. "సోమవారం నుంచి అన్నీ ఇలాగే రావాలమ్మా," అన్నారు. సిస్టర్ చప్పట్లు కొడుతుంటే గుమ్మం దగ్గర నిలబడ్డ మడతల గది ఆడవాళ్లు నలుగురూ ఒక్కసారిగా కేకేశారు.

నెల తిరక్కుండా రెండు ఆస్పత్రుల నుంచి నర్సులు మడత నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ల వెనకే పుస్తకం పట్టుకుని ప్రొఫెసరమ్మ దిగింది. ఆవిరి తడికి కూడా మడతలు అతుక్కోకుండా మడతలక్క ఎలా మడుస్తోందో ప్రొఫెసరమ్మ లెక్కలకు అందలేదట. వస్తూనే ఉత్సాహంగా దొంతర మీద చెయ్యి వేయబోయింది.

"ఆగండాగండి," మడతలక్క అడ్డుపడింది. "ఇది మీ తోట కాదమ్మా. ముందు చేతులు కడుక్కుని రండి, నేర్పిస్తాను."