గోడ పొడితో తోమిన చెంబు

మా అబ్బాయి వంటిల్లు మార్పిస్తున్నాడు. నిన్న పనివాళ్లు పాత గోడ పడగొట్టగానే, లేచిన దుమ్ము మీద నా ఇత్తడి చెంబుతో నీళ్లు చిలకరించాను. తడిసిన మట్టి వాసన గుప్పున లేచింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. పని అయ్యేదాకా లక్డీకాపూల్‌లో హోటల్ గది తీసుకుందామని పిల్లల ఆలోచన. మీరు పొండి, నేను రాను అని చెప్పాను. దుమ్ముకు భయపడి గడప దాటడం మా అమ్మ మాకు నేర్పలేదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాది పెంకుల కప్పు, సున్నపు గోడల కిరాయి ఇల్లు. తెల్లవారుజామున రైలు కూతకు లేచేవాళ్లం. ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి వాలేది, వేపచెట్టు పూత చాపల మీద రాలేది, నాయన ఆబిడ్స్‌లో బట్టల దుకాణం కట్టేసి వచ్చేటప్పుడు ఆయన చొక్కాకు కొత్త గుడ్డ గంజి వాసన, ఒక్కోరోజు పొట్లంలో ఇరానీ హోటలు బిస్కెట్ల వాసన వచ్చేది. దుకాణానికి ఆయన నడిచే వెళ్లేవాడు, నేనూ నడిచే బడికి వెళ్లేదాన్ని. ఆ ఇల్లు పోతే ఊరవతలికి పోవాలి, నా బడి అక్కడితో సరి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చాక ఊళ్లోకి కొత్త ఉద్యోగాలు, కొత్త మనుషులు వచ్చారు, కిరాయిలు పెరిగాయి. మా ఇంటి యజమానిని సందంతా సేటు అనేది. పదేళ్లుగా కారే కప్పును తలెత్తి చూడని ఆ మనిషికి ఆ మాఘమాసంలో ఉన్నట్టుండి ఇంటి మీద ప్రేమ పుట్టింది.

“గోడలు కొత్తగ కట్టిపిస్త. రెండు నెలలు ఏడన్న ఉండి రాండ్రి. ఫికర్ చేయకుండ్రి, మళ్ల మీకే ఇస్త” అన్నాడు.

నాయన మెత్తని మనిషి. “కాచిగూడల మా చెల్లె ఉంది గద, జర సర్దుకుందం” అన్నాడు.

అమ్మ బియ్యం చెరగడం ఆపలేదు. “పోయేటప్పుడు తొవ్వ ఉంటది. వచ్చేటప్పుడు తాళం ఉంటది. నేనైతే కదల.”

సేటు మనుషుల్ని పంపాడు. ముందుగది గోడ మీద గడ్డపార వేసే ముందు మేస్త్రీ ఒక మాట అన్నాడు. “అమ్మా, దుమ్ము లేస్తది. ఆగుతరా మీరు?”

“లేచింది కూసోదా ఏంది? అది కూసున్నంక నేను లేస్త. నీ పని నువ్వు చెయ్” అంది అమ్మ.

అన్నట్టే దుమ్ము లేచింది. ఇంట్లో ఎండు చీపురు పట్టడం బంద్. కట్టెలు కోసే ఆరాదుకాణం నుంచి తెచ్చిన రంపపు పొట్టు తడిపి నేల మీద చల్లి, దుమ్మును దానికి అంటించి ఊడ్చేవాళ్లం. వెనకగది గుమ్మానికి అమ్మ గోనెసంచులు విప్పి కుట్టి తెరగా కట్టింది, అది ఆరకుండా నీళ్లు కొట్టడం నా పని. పిండి డబ్బాల మూతల చుట్టూ తడిగుడ్డ, పరుపులకు దుప్పటి మూట, గడపలో కాళ్లు కడుక్కోవడానికి గంగాళం. తుడిస్తే పైనుంచి కిందికి, లోపలి నుంచి బయటికి తుడవాలి. తప్పితే నెత్తిన మొట్టికాయ. ఇటుక ముక్కలతో నేను గచ్చకాయలు ఆడుతుంటే వాటినీ గుంజుకుని రోట్లో వేసి దంచేది. ఆ పొడితో ఇత్తడి సామాను తోమేది. రాలిన సున్నాన్ని జల్లించి ముగ్గు వేసేది. సేటు పడగొట్టిన గోడ రోజూ మా వాకిట్లో పద్మమై పరుచుకునేది.

ఒకరోజు మాత్రం కప్పు పెంకులు విప్పుతుండగా, దించిన అన్నం గిన్నెలోకి బూజూ మట్టీ కుప్పగా పడ్డాయి. తమ్ముడు ఆకలికి ఏడుపు అందుకున్నాడు. ఇక పోదామని నాయన ట్రంకు పెట్టె కిందికి దించాడు. అమ్మ గిన్నెలోంచి మట్టి పెళ్లలు ఏరి పారేసింది. తర్వాత అన్నం సందులోని ఆవుకు పెట్టొచ్చింది, మాకు అటుకులు నానబెట్టింది, ట్రంకు పెట్టెను మళ్లీ పైకెక్కించింది. మర్నాటి నుంచి పనివాళ్లు రాకముందే వంట, తిండి, గిన్నెలు తోమడం అన్నీ అయిపోయేవి.

ఉగాది నాడు పొద్దున్నే సేటు వచ్చాడు, ఈపాటికి ఖాళీ చేసి ఉంటామనుకున్నాడేమో. ముందుగదికి గోడ లేదు, నెత్తిన కప్పు లేదు, ఆకాశం కనిపిస్తోంది. గుమ్మం ఉన్నచోట మాత్రం మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల గోనెతెర వెనక బచ్చాలు, అంటే బొబ్బట్లు, కాలుతున్న నెయ్యి వాసన వస్తోంది. అమ్మ చాప వేసి చెంబుతో నీళ్లు పెట్టింది. చెంబు మెరుపులో సేటుకు తన మీసాలు కనిపించాయి. తర్వాత కొత్త కుండలోంచి ఉగాది పచ్చడి గాజు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన గ్లాసును వెలుతురుకు ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. వేపపువ్వు, మామిడి ముక్కలు తప్ప అందులో ఒక్క నలుసు లేదు.

“ఇండ్ల గింత దుమ్ముంటే చెంబు గట్ల మెరుస్తున్నది ఎట్ల చెల్లే?”

“నీ గోడే అన్నా. దంచి తోమిన. మిగిలిన గోడ కూడ కొట్టు, గంగాళాలున్నయ్ తోమేటియి.”

సేటు పచ్చడి మొత్తం తాగాడు. అమ్మ పెట్టిన బచ్చం కూడా తిన్నాడు. లేస్తూ నాయనతో, “మీ ఇంట్ల ఆడమనిషికి దండంరా బాబూ” అని చేతులు జోడించాడు. వానలు పడేలోపు గోడ కట్టించాడు, కప్పు వేయించాడు. పాత కిరాయికే కొత్త కప్పు కింద, నా పెళ్లయ్యేదాకా ఉన్నాం.

ఇప్పుడు ఆ సందు లేదు, వేపచెట్టు లేదు, సేటు వారసులు అక్కడ అంతస్తులు లేపారు. ఇప్పటి దుమ్ము కూడా దేనికీ పనికిరాదు. సిమెంటు, టైల్సు, చెక్క జిగురు కలిసిన ఆ పొడితో గిన్నె తోమలేం, ముగ్గు వేయలేం. అందుకే ఇవాళ, పనివాళ్లు నిన్న కొట్టిన గోడ కుప్పలో వెతికి వెతికి ఒక్క ఎర్ర ఇటుక ఏరి పక్కన పెట్టుకున్నాను. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. గుమ్మానికి తడిదుప్పటి కట్టేశాను. రోలు కడుగుతున్నాను.