నర్సు పాప సీటు

మా తళవాయిపురం బస్సు కండక్టరు మామ పోయారు. మొన్న పొద్దున నేను కాన్పు చూస్తున్న ఇంటి వాకిట బండి ఆపి, డ్రైవరు ఆ మాట చెప్పాడు. కాఫీ తాగి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. ఏడుపు రావడానికి ముందే నా మనసు నిమ్మళించింది. రెండేళ్లుగా ఆయన ఛాతీ నొప్పిని చూస్తున్నదాన్ని. మంచాన పడి ఒకరి చేత నీళ్లు తాగించుకునే రోజు వస్తుందేమోనని ఆయనకూ భయమే, నాకూ భయమే. ఆ రోజు రానే లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. పంతొమ్మిది వందల యాభైల చివర నేను మదురైలో నర్సు చదువుతున్నప్పుడు, ఆఖరి ఏడు, ఒక నెల పల్లెలో పని నేర్చుకోమని తళవాయిపురం పంపారు. చదువు ముగిశాక అలాంటి ఊళ్లోనే ఉండిపోవాలని నా ఆశ. నేను పట్నంలో పెద్దాసుపత్రిలో పనిచేయాలని మా నాయన ఆశ. ఊరుగాని ఊళ్లలో ఆడపిల్ల ఒంటరిగా తిరగడమేమిటని ఆయన ఒక షరతు పెట్టారు. రోజూ సాయంత్రం బస్సుకు మా ఊరు రాజపాళెం చేరాలి, ఒక్క రోజు తప్పినా పల్లె మాట మరి ఎత్తకూడదు. పెట్టి ఊరుకోలేదు, రోజూ వచ్చి బస్టాండులో నిలబడేవారు.

మొదటి రోజే కండక్టరు మామ టిక్కెట్టు చింపుతూ, ఆరా తీసి, ఇదంతా నా చేత చెప్పించారు. మర్నాటి నుంచి డ్రైవరు వెనుక సీటు మీద తన భుజం మీది తుండు పరిచి ఉంచేవారు. ఎవరైనా కూర్చోబోతే, "అది నర్సు పాప సీటు, వెనక్కి పోండి" అనేవారు. నేను ఇంకా నర్సును కాలేదని చెబితే వింటేనా! ఆ నెలలో నన్ను అలా పిలిచింది ఆయనొక్కరే. నేను రావడం ఆలస్యమైతే మూడుసార్లు హారను కొట్టించేవారు.

ఒక సాయంత్రం బస్సు వేళకు నేను రోడ్డు పక్క ఇంట్లో కాన్పు దగ్గర ఉన్నాను. బిడ్డ పుట్టింది గాని ఏడవలేదు. నాకు పని నేర్పే పెద్ద నర్సమ్మ తల్లిని చూసుకుంటూ బిడ్డను నా చేతుల్లో పెట్టింది. నోరు తుడిచి, వీపు రుద్దుతున్నాను. ఒక చెవి మాత్రం హారను కోసం కాచుకునే ఉంది. అది మోగలేదు. బస్సు వెళ్లిపోయింది, ఇక నా పల్లె ఆశ ముగిసింది అనుకున్నాను. అప్పుడు బిడ్డ కెవ్వుమంది.

బయటికి వస్తే బస్సు ఆ ఇంటి ముందే ఆగి ఉంది. ఎవరూ విసుక్కోలేదంటే అబద్ధం, ఇద్దరు ముగ్గురు సణుగుతూనే ఉన్నారు. హారను ఎందుకు కొట్టలేదని మామను అడిగాను.

"కొడితే నీ చెయ్యి వణుకును గదా పాపా," అన్నారు తుండు దులుపుతూ.

రాజపాళెంలో నాయన ముఖం చూడగానే మామ నాకంటే ముందు దిగి, టైరు పంచరైందని చెప్పేశారు. వెనకనే దిగుతున్న ముసలామె నోరు ఊరుకోలేదు.

"పంచరు ఏడదయ్యా? నీ కూతురు ఒక బిడ్డకు ఊపిరి పోసినది. అందుకే లేటు."

నాయన మరకలైన నా చీర వైపు కాసేపు చూశారు.

"తల్లి బాగుండాదా?" అని అడిగారు.

బాగుందన్నాను.

"సరి. రేపు ఇంకొక చీర ఎత్తుకొని పో. పొద్దు పోతే ఆడనే ఉండు."

నేను మనసులో అనుకునేలోపే మామ పైకే "అమ్మయ్య" అనేశారు. అలా తళవాయిపురం నాకు దక్కింది. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను.

మొన్న డ్రైవరు వచ్చినప్పుడు కాన్పు నడుమ వదిలి కదలలేకపోయాను. ముగిశాకే వస్తానని, నా కోసం కాచుకోవద్దని మామ ఇంటికి కబురు పెట్టాను. మధ్యాహ్నం వాళ్ల ఊళ్లో బస్సు దిగి పరుగెత్తుకుంటూ వెళ్తే పాడె ఇంకా లేవలేదు. మామ భార్య, నేను అత్తా అని పిలిచే ఆమె, ఎర్రబడ్డ కళ్లతో నన్ను చూసింది.

"బిడ్డ ఏడ్చినదా?" అని అడిగింది.

ఏడ్చిందన్నాను.

అరుగు మీద ఆయన తలాపున ఆడవాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. వాళ్ల నడుమ ఒక్కరికి చోటు విడిచి ఉంది. అక్కడ ఆయన తుండు పరిచి ఉంది.