వంగకుండా పేరు పెట్టిన మొక్క

మదనపల్లెలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. ఐరిస్ పువ్వును బోర్డు మీద లెక్కలేనన్ని సార్లు గీశాను గానీ, ఆ మొక్కను కళ్లతో చూసింది లేదు. ఈ సంగతి పిల్లలకు ఏనాడూ చెప్పలేదు.

రిటైరయ్యాక, అటవీశాఖలో చేరిన నా పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసి కుప్పం రమ్మంది. అడవిలో సందర్శకులకు కాలిబాట వేశారట, మొక్కల పక్కన పేర్ల బోర్డులు పెట్టాలట. "అన్నిటికీ పేర్లు దొరికినాయి సార్, ఒకదానికి మాత్రం మీరే చెప్పల్ల," అంది. నేను ఉబ్బిపోయాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మొదటి బస్సెక్కాను. పుంగనూరు దాటేసరికే ఉపన్యాసం సిద్ధమైపోయింది.

చెట్ల నీడలో, మొన్నటి వానకు లేచిన పొడవాటి ఆకులు. వాటి మొదలు దగ్గర, నేలకు అంటుకున్నట్టు ఒక పసుపు పువ్వు. సరిగ్గా చూడాలంటే వంగాలి. నా నడుము వంగే రకం కాదు. నిలబడే, "అడవి ఐరిస్. చాలా అరుదు," అనేశాను. పక్కనే కాచుకుని ఉన్న పెయింటరు బోర్డు మీద మొదటి అక్షరం రాసేశాడు కూడా.

నా విద్యార్థిని మోకాళ్ల మీద కూర్చుని పువ్వులోకి చూసింది. కాసేపటికి మెల్లగా, "సార్, కేసరాలు ఆరుండాయి," అంది.

ఐరిస్‌కు మూడే. పువ్వు కనబడితే ముందు కేసరాలు లెక్కపెట్టమని నేర్పింది నేనే. లెక్కపెట్టలేదని ప్రాక్టికల్స్‌లో ఈమెకు మార్కులు కోసిందీ నేనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పాఠం ఒకరికైనా అబ్బిందని, ఆ సిగ్గులోనే కాస్త సంతోషమూ వేసింది.

మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దామె మా దగ్గర ఆగింది. "నేలతాడి గదప్పా ఇది. గడ్డ ఎండబెట్టి పొడి జేస్తారు. పాలల్లో ఏసుకుని తాగితే నడుంనొప్పికి మంచిది."

పెయింటరు నా మొహం చూడకుండా అక్షరాన్ని గుడ్డతో తుడిచేశాడు.

రెండేళ్లుగా నా భార్య రోజూ పొద్దున పాలలో ఏదో పొడి కలిపి ఇస్తోంది, నడుముకని. ఇంటికొచ్చాక మొదటిసారి అడిగాను, అదేం పొడి అని.

"నేలతాడి," అంది. "డబ్బా మీదనే రాసుండాది గదా, పువ్వు బొమ్మ కూడా ఏసుండారు. ఇన్నాళ్లూ సూళ్లేదా?"